బెయిలీ-వెల్చ్ నియమం

బెయిలీ-వెల్చ్ నియమం వైద్యశాలలలో రోగులకు సమయాలు కేటాయించే ఒక పద్ధతి. దీనిని 1952లో నార్మన్ బెయిలీ, జె.డి.వెల్చ్ బ్రిటన్ ఆసుపత్రుల ఔట్‌పేషెంట్ విభాగాల కొరకు ప్రతిపాదించారు. దీని ప్రకారం ఆరంభ సమయానికి ఇద్దరిని, ఆ పైన సగటు పరీక్షా కాలానికి ఒకరి చొప్పున రమ్మంటారు. మొదట ఒకరు ఆలస్యమైనా వైద్యుడు ఖాళీగా ఉండడు. అందుకు బదులుగా రోగులు కొంత వేచి ఉంటారు.

పరీక్షకు పట్టే సమయం రోగిని బట్టి మారుతుంది. కాబట్టి సగటును మాత్రమే చూస్తే నిరీక్షణ ఎంతో తెలియదు. అందువలన బెయిలీ యాదృచ్ఛిక సంఖ్యలతో ఊహాజనిత వరుసలను నడిపి లెక్కించాడు. ప్రస్తుతం ప్రాథమిక వైద్యశాలల విషయంలోనూ ఈ పనికి కంప్యూటర్ అనుకరణను వాడుతున్నారు. ఇది ఒకే ఉదయాన్ని వేలసార్లు నడిపి, ఏ పద్ధతిలో ఎవరు ఎంతసేపు వేచి ఉంటారో చూపుతుంది. అయితే వైద్యుని ఒక నిమిషానికి రోగి నిమిషాలు ఎన్ని సమానమో అనుకరణ చెప్పదు. దానిని నిర్వాహకులే నిర్ణయించాలి.