ఇంజను చమురు లీకు – మూలాన్వేషణ

కిష్టారెడ్డిపేట నుండి పటాన్‌చెరు కర్మాగారాలకు నిత్యము కారులో పోవువారు, బండి క్రింద చమురు బొట్టు కనిపించగానే చేతికందిన నట్లనెల్ల బిగించుట తగదు. బొట్టు పడిన చోటు వేరు, చమురు వెలువడు చోటు వేరు. చమురు క్రిందికి జారును. ప్రయాణంలో గాలి దానిని వెనుకకు నెట్టును. కావున తడిసిన భాగాలలో అన్నింటికంటె పైనున్నదానినే ముందుగా అనుమానింపవలెను.

మొదట డిప్‌స్టిక్‌తో మట్టం చూడవలెను. కనిష్ఠ గీతకు దిగువనున్నచో చమురు నింపక ఇంజను నడపరాదు. చల్లారిన ఇంజనును తుడిచి, క్రింద అట్ట పరచి, కొంతసేపు నడిపి ఆపినచో క్రొత్త తడి జాడ తెలుపును. వేడి సైలెన్సరు గొట్టంపై చమురు పడుచున్నచో మంటలు రేగవచ్చును, బండిని కదల్పరాదు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడినచో మార్చవలెను. బోల్టులు అతిగా బిగించినచో కవరు వంగి లీకు పెరుగును. డ్రైన్ నట్ వాషరును, ఫిల్టరును ఆయిల్ మార్చునపుడే మార్చవచ్చును. బ్రీదర్ గొట్టం పూడినచో లోని ఒత్తిడి క్రొత్త ప్యాకింగును సైతం దాటించి చమురును వెలికి నెట్టును. గేర్‌బాక్సు వైపు ఆయిల్ సీల్ పని మెకానిక్కునకే వదలవలెను. జాకీ ఒక్కటే మోయుచున్న కారు క్రిందికి ఎన్నడును దూరరాదు.

పారిశ్రామిక వ్యర్థాలతో నక్కవాగు ఎంత చెడినదో ఈ ప్రాంతీయులు ఎరుగుదురు. వాడిన చమురును 2016 నాటి కేంద్ర నియమాలు ప్రమాదకర వ్యర్థంగా పరిగణించినవి. దానిని మురుగు కాలువలో పోయక, మూతగల డబ్బాలో పట్టి, స్వీకరించు సర్వీసు కేంద్రానికి అప్పగించినపుడే మరమ్మతు పూర్తియైనట్లు.