చిత్రకారుడు – జీవనోపాధి

గీయడం చేతనయినంత మాత్రాన చిత్రకారునికి బ్రతుకుతెరువు దొరకదు. గీసిన బొమ్మ పదిమంది కంటపడాలి. ఆ పదిమందిలో ఒకరైనా దానికి వెల కట్టాలి. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని దాటలేక కుంచెను అటకెక్కించిన ప్రతిభావంతులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

పూర్వం ఈ చిక్కు ఇంతగా లేదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీద బొమ్మలు వేసినవారికి విజయనగర ప్రభువుల అధికారి విరూపణ్ణ అండ ఉండేది. చేర్యాల నకాశీ చిత్రకారులకు కులపురాణాలు చెప్పే కథకులే ఆదరువు. పటం ఎవరి కోసం గీస్తున్నదీ గీసేవానికి ముందే తెలుసు. రాజులు, జమీందారులు పోయి, కథకుల సంచారం తగ్గిన తరువాత చిత్రకారుడు తన రసికుణ్ణి తానే వెదకుకోవలసి వచ్చింది.

ఈ మార్పును ముందుగా గ్రహించినవారిలో రాజా రవివర్మ ఒకడు. సంస్థానాల గోడలకు పరిమితమైన తన చిత్రాలను, 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం ద్వారా సామాన్యుల ఇండ్లకు చేర్చాడు. లక్ష్మి, సరస్వతి బొమ్మలు ఎన్నో పూజగదుల్లోకి వచ్చిన దారి అదే. అయితే కీర్తి వెంట లాభం వస్తుందన్న నియమం లేదు. అప్పులు పెరిగి, ఆ ముద్రణాలయాన్ని చివరకు ఒక జర్మను నిపుణునికి అమ్మివేయవలసి వచ్చింది.

తెలుగునాట దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినవాడు రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివాడు, తిరిగివచ్చి తన ఊరిలో ఇతరులకు నేర్పాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, మశూచి ఆయనను బలిగొన్నది. చూసి మెచ్చుకొనే ఒక్క గురువు దొరకడం ఎంత మేలు చేస్తుందో ఆయన చరిత్ర చెబుతుంది. కాని అందరికీ కూల్డ్రే దొరకడు కదా!

అట్టివారికి పత్రికలు ఆశ్రయమిచ్చాయి. 1947లో మొదలైన ‘చందమామ’లో 1952లో చేరిన శంకర్, సుమారు ఆరు దశాబ్దాలపాటు ఆ పత్రికకే బొమ్మలు వేశాడు. భేతాళుణ్ణి భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని రూపం ఆయన చేతిదే. 1955లో న్యాయశాస్త్ర పట్టా పొందిన బాపు వకీలు కాలేదు. పత్రికలలో చిత్రకారుడై, తరువాత చలనచిత్ర దర్శకుడయ్యాడు. కథకు బొమ్మ వేయడం తేలిక పని అని కొందరి అభిప్రాయం. నిజానికి చిత్రకారుడు కథను ఆసాంతం చదవాలి, ముగింపు బయటపడని ఘట్టాన్ని ఎన్నుకోవాలి, ముద్రణకు వెళ్లే గడువులోగా పూర్తిచేయాలి. గడువు తప్పేవానికి ఎంత నైపుణ్యం ఉన్నా రెండవసారి పిలుపు రాదు.

ఉద్యోగం చేస్తే కళ కుంటుపడుతుందా? మద్రాసు ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణిక్కర్‌ను వేధించిన ప్రశ్న ఇదే. చక్కగా చదివిన శిష్యులు పొట్టకూటికై ఏదో ఒక కొలువులో చేరి, క్రమంగా గీయడమే మానివేస్తున్నారు. దీనికి ఆయన, శిష్యులు కలిసి కనిపెట్టిన ఉపాయం వినదగినది. వారు ఒక సంఘంగా ఏర్పడి, బట్టపై మైనంతో బాటిక్ అద్దకం మొదలైన చేతిపనులు చేశారు. చిత్రాన్ని కొనడానికి వెనుకాడేవారు కూడా అందమైన బట్టను కొన్నారు. ఆ సొమ్ముతో మద్రాసు సమీపాన ఇంజంబాక్కంలో సముద్రతీరాన భూమి కొని, 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని స్థాపించారు. చేతిపని కూడు పెట్టింది. మిగిలిన సమయం చిత్రానికీ, శిల్పానికీ దక్కింది. కళాకారులు ఒకరి చేయి ఒకరు పట్టుకోవడమే ఇక్కడి రహస్యమని నాకు తోస్తుంది.

నేడు దారులు పెరిగాయి. తోట వైకుంఠం ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందాడు. లక్ష్మాగౌడ్ దూరదర్శన్‌లో పనిచేసి, అనంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోధించాడు. డ్రాయింగు పరీక్షలు ఉత్తీర్ణులై పాఠశాలల్లో ఉపాధ్యాయులైనవారూ ఉన్నారు. ఏ దారిన వెళ్లదలచినా ముందుగా కావలసినది తన పనుల సంపుటి. ఏభై బొమ్మలు కుక్కిన సంపుటి కన్న పదిహేను మేలైన బొమ్మలున్నది మంచి ఫలితమిస్తుంది. ప్రతి చిత్రాన్నీ పగటి వెలుతురులో ఛాయాచిత్రం తీసి, కొలతలు, వాడిన రంగులు, గీసిన సంవత్సరం వ్రాసి ఉంచాలి. 1954లో ఏర్పడిన లలితకళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు చిత్రాలు పంపవచ్చు. మొదటిసారే ఎంపిక కాకపోవడం సర్వసాధారణం.

ప్రదర్శనశాలల వారు అమ్మకపు ధరలో కొంతభాగం తీసుకొంటారు. అది మూడవవంతు నుండి సగం వరకు ఉండవచ్చు. కనుక వెల నిర్ణయించేటప్పుడు రంగులు, పటం కట్టించిన ఖర్చుతోబాటు ఆ భాగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. “ఇప్పుడు డబ్బు అడగవద్దు, నీకు పేరు వస్తుంది” అనే మాట యువ చిత్రకారులకు తరచుగా వినబడుతుంది. పేరు కోసం ఒకసారి ఉచితంగా గీయడంలో తప్పులేదు. అదే మనిషి రెండవసారీ అదే మాట చెబితే మాత్రం మర్యాదగా నిరాకరించడం మంచిది.

ఒప్పందం నోటిమాటగా ఉండరాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రంపై తొలిహక్కు సాధారణంగా గీసినవారిదే. కాని ఎవరైనా ప్రతిఫలమిచ్చి తమ కోసం గీయించుకొన్న వర్ణచిత్రంపై, వేరే ఒప్పందం లేనట్లయితే, ఆ హక్కు గీయించుకొన్నవారికి చెందుతుంది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే వ్రాతపూర్వకమైన పత్రం, దానిపై సంతకం ఉండాలి. ఆ పత్రంలో గడువు పేర్కొనకపోతే బదిలీ అయిదేండ్లకే వర్తిస్తుంది. కనుక సంతకం చేసే ముందు గడువు ఎంతని వ్రాశారో చూసుకొని, పత్రం నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.