ఒక్క ఛార్జింగ్‌తో పట్నం పోతదా?

కాగితం మీద 489 కిలోమీటర్లు. షోరూంలో 14 లక్షలు. ఇంటిముందు ఒకే ఒక్క ప్లగ్గు... కరెంటు కారు కొనాలనుకునే కుటుంబానికి ఈ మూడూ కలిసి పెద్ద లెక్కే పెడతాయి. బొగ్గుగనుల ఊరు నస్పూర్ నుంచి చూస్తే ఆ లెక్క ఎలా తేలుతుందంటే...

‘బాపూ, ఒక్కసారి ఛార్జింగ్ పెడితే 489 కిలోమీటర్లు పోతదట!’

‘కాగితం మీద పోతది బిడ్డా. ఇక్కడి నుంచి పట్నం దాకా పోతదా... అది చెప్పు.’

‘అన్ని పైసలు పెట్టి కొన్నంక నడుమ తొవ్వల ఆగితే ఎట్ల?’ వంటింట్లోంచి అమ్మ అనుమానం.

నస్పూర్‌లో ఓ సింగరేణి కుటుంబంలో ఈ మాటలు నడుస్తున్నాయనుకుందాం. తండ్రి శ్రీరాంపూర్ ఏరియా గనిలో ఉద్యోగి. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది. కూతురు హైదరాబాద్‌లో చదువుతోంది. సొంతిల్లు ఉంది, ఇంటిముందు కారు పెట్టుకునే జాగా ఉంది. ఇన్నాళ్లూ బైకుతోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు కారు కొనాలి. పెట్రోలుదా, కరెంటుదా? కూడబెట్టిన సొమ్ముతో కొనే కారు కాబట్టి లెక్క తప్పితే సరిదిద్దుకునే వ్యవధి కూడా తక్కువే.

ఒకప్పుడు పంచాయతీగా ఉన్న నస్పూర్ 2018లో పురపాలక సంఘమైంది. 2025 జనవరిలో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయింది. జిల్లా కలెక్టరేట్ కూడా ఇక్కడే ఉంది. గని, బజారు, బడి, ఆఫీసు... రోజువారీ పనులన్నీ పదీ పదిహేను కిలోమీటర్లలోనే. ఆ పరిధి దాటితే మాత్రం ఒక్కసారిగా 250 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్. కరెంటు కారుకి అసలు పరీక్ష ఈ రెండింటి మధ్యే.

అదే ధర... పెద్ద బ్యాటరీ

హ్యాచ్‌బ్యాక్ కన్నా కాస్త ఎత్తుగా, పెద్ద ఎస్‌యూవీ కన్నా పొట్టిగా ఉండే కార్లను కాంపాక్ట్ క్రాసోవర్లంటారు. గతుకుల రోడ్డు మీద అడుగు తగలదు, ఇరుకు సందుల్లోనూ తిరుగుతుంది. అందుకే మధ్యతరగతికి వీటిమీద మోజు. ఈ తరహాలో కరెంటు కారు మనదేశంలో 2019 జులైలో వచ్చింది. హ్యుందాయ్ కోనా ధర అప్పట్లో 25.30 లక్షలు. మరుసటి ఏడాది జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ 13.99 లక్షలకే వచ్చింది. దాని బ్యాటరీ సామర్థ్యం 30.2 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అంటే కంగారుపడక్కర్లేదు, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే అది. అంటే ఆ బ్యాటరీలో 30 యూనిట్ల కరెంటు పడుతుందన్నమాట.

2024 సెప్టెంబరులో అదే నెక్సాన్ 45 యూనిట్ల బ్యాటరీతో వచ్చింది. ప్రారంభ ధర... మళ్లీ 13.99 లక్షలే! నాలుగున్నరేళ్లలో ధర పెరగకుండా బ్యాటరీ ఒకటిన్నర రెట్లయింది. పంచ్ ఈవీ 2024 జనవరిలో 10.99 లక్షలకు, క్రెటా ఎలక్ట్రిక్ 2025 జనవరిలో 17.99 లక్షలకు మొదలయ్యాయి. ఇవన్నీ విడుదలనాటి షోరూం ధరలు. ఇలా చవకవడానికి కారణం బ్యాటరీయే. కారు ఖర్చులో పెద్ద వాటా దానిదే. ప్రపంచవ్యాప్తంగా 2010 ప్రాంతంలో బ్యాటరీలో ఒక్కో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్ల పైమాటే. 2024 నాటికి సగటున 115 డాలర్లకు దిగిందని బ్లూమ్‌బెర్గ్‌ఎన్ఈఎఫ్ సర్వే తేల్చింది.

489 ఎక్కడ... 350 ఎక్కడ?

ఇక రేంజ్ సంగతి. ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేస్తే ఎంతదూరం వెళ్తుందన్నదే రేంజ్. ప్రకటనల్లో కనిపించే అంకె ప్రయోగశాలలో తేల్చింది. కారును రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ వేయకుండా, నిర్ణీత వేగాలతో నడిపి లెక్కిస్తారు. అక్కడ గంటకు 90 కిలోమీటర్లకు మించి పోనివ్వరు. మన రోడ్డు మీద అలా కుదురుతుందా? ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే గోదావరిఖని, మంచిర్యాల ప్రాంతంలో ఏసీ లేకుండా కారులో కూర్చోవడమే కష్టం. పైగా నలుగురు మనుషులు, డిక్కీ నిండా బియ్యం, పచ్చళ్ల సీసాలు...

అందుకే నెక్సాన్ 45కి ప్రయోగశాలలో 489 కిలోమీటర్లు వచ్చినా, వాడకంలో 350 కిలోమీటర్ల పైచిలుకు వస్తుందని కంపెనీయే చెబుతోంది. ఏ కంపెనీ కారైనా ప్రకటించిన రేంజ్‌లో మూడోవంతు తీసేసి చూసుకుంటే నిరాశ ఉండదు. హైవే మీద వేగంగా వెళ్తే ఇంకొంచెం తగ్గుతుంది. పెట్రోలు కారుకి ఊళ్లో మైలేజీ తక్కువ, హైవే మీద ఎక్కువ. కరెంటు కారుకి ఇది తిరగబడుతుంది. ఊళ్లో బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. హైవే మీద బ్రేకుల పని తక్కువ, గాలితో పోరాటం ఎక్కువ.

పట్నం ప్రయాణం

నస్పూర్ నుంచి కరీంనగర్, సిద్దిపేటల మీదుగా రాజీవ్ రహదారిపై హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ ఏసీతో హైవే మీద 280 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. అంటే కారు పట్నం చేరుతుంది. కానీ చేరేసరికి బ్యాటరీలో పదోవంతే మిగులుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, దారి మళ్లాల్సొచ్చినా గుండెల్లో రాయి పడుతుంది. అదే 30 యూనిట్ల బ్యాటరీ అయితే 190-200 దగ్గరే ఆగాలి.

కాబట్టి దారిలో ఒకచోట ఆగడమే తెలివైన పని. సగం దూరం దాటాక సిద్దిపేట వస్తుంది. అక్కడి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లే. 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ దొరికితే నెక్సాన్ 45 బ్యాటరీ 40 నిమిషాల్లో పది శాతం నుంచి 80 శాతానికి చేరుతుందన్నది కంపెనీ లెక్క. మనకు అంత అవసరం లేదు, ఇరవై నిమిషాలు పెట్టినా గండం గడుస్తుంది. ఒక్క జాగ్రత్త... బయల్దేరే ముందే ఫోన్‌లోని యాప్‌లో ఆ ఛార్జర్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అది పనిచేయకపోతే వెళ్లడానికి మరో కేంద్రాన్నీ అనుకుని ఉంచుకోవాలి.

పైసల లెక్క

మరి డబ్బు సంగతి? కరెంటు కారు షోరూం ధర 14 లక్షలు, అదే స్థాయి పెట్రోలు కారు 10.50 లక్షలు అనుకుందాం. తేడా మూడున్నర లక్షలు. కానీ తెలంగాణలో 2022 నాటి రేట్ల ప్రకారం 10 నుంచి 20 లక్షల మధ్య పెట్రోలు కారుకి జీవితకాలపు పన్ను 17 శాతంగా ఉండేది. ఆ లెక్కన చూస్తే 1.78 లక్షలు. కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా రద్దు చేస్తూ 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. గడువు 2026 డిసెంబరు 31. ఆ మినహాయింపు ఉంటే తేడా 1.72 లక్షలకు దిగుతుంది.

ఇక నడిపే ఖర్చు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే... లీటరుకి 15 కిలోమీటర్ల మైలేజీ, లీటరు 108 రూపాయల చొప్పున పెట్రోలుకి 7,200 రూపాయలు. కరెంటు కారుకి ఛార్జింగ్‌లో పోయే వృథాతో కలిపి 150 యూనిట్లు సరిపోతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి బిల్లు 200 యూనిట్ల దగ్గర ఉంటే, కారు యూనిట్లు కలవగానే శ్లాబు మారుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు విద్యుత్తు ఛార్జీ 820 రూపాయలు. 350 యూనిట్లకు 2,240. అంటే కారు వల్ల పెరిగింది 1,420 రూపాయలు. కిలోమీటరుకి దాదాపు రూపాయిన్నర. పెట్రోలుకైతే ఏడు రూపాయల ఇరవై పైసలు.

నెలకు మిగిలేది 5,780 రూపాయలు. ఆ లెక్కన 1.72 లక్షల తేడా రెండున్నరేళ్లలో తీరిపోతుంది. మూడేళ్ల సర్వీసున్న తండ్రికి ఇది రిటైర్మెంటుకి ముందే చేతికొచ్చే లెక్క. కానీ కారును ఇంటిముందు కవరు కప్పి ఉంచి, గనికి బైకు మీదే వెళ్తూ నెలకు 400 కిలోమీటర్లే తిప్పితే? మిగిలేది రెండు వేల పైచిలుకే. తేడా తీరడానికి ఆరేళ్లు దాటుతుంది. పన్ను మినహాయింపు లేకపోతే తేడా నాలుగు లక్షలు దాటుతుంది. అప్పుడు వెయ్యి కిలోమీటర్లు తిప్పినా దాదాపు ఆరేళ్లే. బ్యాంకు అప్పుతో కొంటే వడ్డీ అదనం. అందుకే రిజిస్ట్రేషన్ నాటికి మినహాయింపు ఉందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతీ ఉంది. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో అలా 9.99 లక్షలకు వచ్చింది. బ్యాటరీకి మాత్రం అప్పట్లో కిలోమీటరుకి మూడున్నర రూపాయలు కట్టాల్సి ఉండేది. దానికి కరెంటు ఖర్చు కలిపితే దాదాపు అయిదు రూపాయలయ్యేది. చేతిలో ఒకేసారి సొమ్ము లేనివారికి ఇది వెసులుబాటు. పొదుపు మాత్రం తగ్గుతుంది.

ప్లగ్గు ఎక్కడ?

ఈ లెక్కలన్నీ ఇంట్లో ఛార్జ్ చేసుకునేవారికే. బయటి కేంద్రంలో యూనిట్‌కి 20 రూపాయలైతే కిలోమీటరుకి మూడు రూపాయలవుతుంది. అందుకే కంపెనీ క్వార్టర్లో ఉంటున్నవాళ్లు ముందు అనుమతి సంగతి, వైరింగు సంగతి కనుక్కోవాలి. అపార్ట్‌మెంటులో ఉంటే తమ మీటరు నుంచి పార్కింగు దాకా లైను వస్తుందా చూసుకోవాలి. సొంతిల్లైనా సరే... మామూలు ప్లగ్గుకి తగిలించి వదిలేయకూడదు. కారుకి విడిగా లైను, దానికో ఎంసీబీ, మంచి ఎర్తింగు తప్పనిసరి. 15 ఆంప్స్ ప్లగ్గుతో 45 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే పదిహేను గంటలు పడుతుంది. 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకుంటే ఆరేడు గంటలు చాలు. రోజుకి ముప్ఫై కిలోమీటర్లు తిరిగేవారికి మాత్రం ఆ ప్లగ్గు మీద రోజూ గంటన్నర పెట్టినా సరిపోతుంది.

బ్యాటరీ పాడైతే ఎలా అన్నది మరో భయం. సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. మొదటి యజమానికీ తర్వాత కొన్నవారికీ షరతులు వేరుగా ఉండొచ్చు. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని పూర్తిగా చదవాలి.

బొగ్గు ఊళ్లో కరెంటు కారు

‘మనం తవ్విన బొగ్గుతోనే కదా కరెంటు... ఇక కాలుష్యం ఎక్కడ తగ్గినట్టు?’ గనివాళ్లకు వచ్చే సహజమైన సందేహమిది. జైపూర్‌లోని సింగరేణి థర్మల్ కేంద్రం సామర్థ్యమే 1,200 మెగావాట్లు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే కిలోమీటరుకి 150 గ్రాములు. దేశంలో బొగ్గు, జల, సౌర విద్యుత్తు అన్నీ కలిపితే యూనిట్‌కి సగటున 0.7 కిలోలు. ఆ లెక్కన కరెంటు కారుది కిలోమీటరుకి దాదాపు 105 గ్రాములు. తగ్గింది, కానీ సున్నా కాలేదు. అచ్చంగా బొగ్గు కరెంటే అనుకుంటే రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

దానికీ ఓ దారుంది. మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టుకుంటే నెలకు 300 యూనిట్లకు పైగా వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద వీటికి 78 వేల దాకా రాయితీ ఉంది. కారుకి కావాల్సిన 150 యూనిట్లు పోను ఇంటికీ మిగులుతాయి.

ఇంతకీ ఆ కుటుంబం ఏం చేయాలి? రోజూ గనికి, మంచిర్యాల బజారుకి అదే కారు వాడితే, ఇంటిముందు ప్లగ్గు ఉంటే, పన్ను మినహాయింపు దొరికితే... నిశ్చింతగా కరెంటు కారు కొనొచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పెట్రోలు కారే నయం కావచ్చు. రేంజ్ ఎంత అన్న ప్రశ్న ఆ తర్వాతిదే.

ఇక బాపు అడిగిన ప్రశ్నకు జవాబు... ఒక్క ఛార్జింగ్‌తో నిశ్చింతగా పట్నం పోదు. సిద్దిపేటలో ఒక్క చాయ్ తాగితే మాత్రం పోతది!