చిన్న విశ్వవిద్యాలయం కన్న పెద్ద విద్యార్థులు

విశాఖపట్నం: ఇప్పుడు వాల్తేరు మెట్ట మీద ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని చూసినవారికి అది ఒకప్పుడు చిన్న విద్యాసంస్థ అంటే నమ్మకం కుదరదు. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టినప్పుడు దానికి సొంత గూడు కూడా లేదు. 2026తో నూరేళ్లు నిండే ఈ సంస్థ తొలి ఇరవై ఏళ్లలో నడిపింది వేళ్ల మీద లెక్కపెట్టదగిన శాఖలే. చేరిన విద్యార్థులూ కొద్దిమందే. అయినా ఆ కొద్దిమందిలో నుంచి ప్రపంచం గుర్తుపెట్టుకున్న గణాంక శాస్త్రవేత్త, తెలుగు మాటల పుట్టుపూర్వోత్తరాలు తేల్చిన భాషావేత్త, దేశం మెచ్చిన తత్త్వవేత్త వచ్చారు. వారిలో మొదటివాడికి ఈ విశ్వవిద్యాలయమే పరిశోధనకు చోటివ్వలేకపోవడం గమనించదగిన విషయం.

బెజవాడ నుంచి వాల్తేరుకు

తొలి ఉపాధ్యక్షులు శ్రీ కట్టమంచి రామలింగారెడ్డి. విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడ ఉండాలన్న దానిపై అప్పట్లో తెలుగు జిల్లాల మధ్య పెద్ద తగవే నడిచింది. ఎవరి ఊరు వారికి ముద్దు. చివరికి 1930 సెప్టెంబరులో కేంద్రం వాల్తేరు చేరింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆ ఏడే శ్రీ రెడ్డి రాజీనామా ఇచ్చారు. ఆయన తర్వాత 1931లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవి చేపట్టి 1936 వరకు ఉన్నారు. మళ్లీ 1936 నుంచి 1949 వరకు శ్రీ రెడ్డిదే సారథ్యం.

డబ్బు మాటకొస్తే, జయపురం మహారాజా శ్రీ విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేందుకు ముందుకొచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే చిన్న మాట కాదు. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

గురువుల కోసం గాలింపు

భవనాల కంటే ముందు మనుషులను వెతకడం రాధాకృష్ణన్ పద్ధతి. వయసు, ఊరు, కులం చూడలేదు. భౌతికశాస్త్రానికి సి.వి.రామన్ దగ్గర కలకత్తాలో పనిచేసిన కృష్ణా జిల్లా యువకుడు శ్రీ సూరి భగవంతం 1932లో వచ్చారు. రసాయనశాస్త్రానికి శ్రీ టి.ఆర్.శేషాద్రి వచ్చారు. వంగదేశం నుంచి హుమాయూన్ కబీర్ తత్త్వశాస్త్రం చెప్పడానికి, హీరేన్ ముఖర్జీ చరిత్ర చెప్పడానికి వచ్చారు. కబీర్ తరువాత కేంద్రమంత్రి అయ్యారు. ముఖర్జీ పార్లమెంటులో పేరుమోసిన కమ్యూనిస్టు సభ్యులయ్యారు. భగవంతం రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు దాకా ఎదిగారు. 1933లో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు.

ఇంతటివారు చెబుతుంటే వినేది గది నిండని తరగతి. గురువుకు ప్రతి శిష్యుడి పేరూ తెలుసు, ఎవరి తెలివి ఎంతో తెలుసు. విశ్వవిద్యాలయం చిన్నది కావడమే ఆనాటి విద్యార్థుల అదృష్టమైంది.

నాలుగు గంటల దీపం

ఆ తరగతుల్లో కూర్చున్నవారిలో శ్రీ కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. ప్రపంచమంతా సి.ఆర్.రావు అని పిలిచేది ఈయననే. 1920 సెప్టెంబరు 10న నాటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. పదిమంది సంతానంలో ఎనిమిదో బిడ్డ. దేవకి ఎనిమిదో గర్భాన పుట్టిన కృష్ణుడి పేరు అందుకే పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లు తిరిగి, తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విశాఖలో స్థిరపడింది.

తల్లి శ్రీమతి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి కొడుకును లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. పెద్ద శాస్త్రవేత్త అయ్యాక ఒక పుస్తకాన్ని తల్లికి అంకితమిస్తూ శ్రీ రావు ఆ దీపాన్ని తలచుకున్నారు.

విశాఖ ఎ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయనకు చంద్రశేఖర అయ్యర్ ఉపకార వేతనం దక్కింది. తరువాత వాల్తేరులో ఆచార్య వి.రామస్వామి వద్ద గణితం చదివారు. 1940లో, ఇరవై ఏళ్లు నిండకముందే, ఎం.ఎ. ప్రథమ శ్రేణిలో ప్రథముడిగా నెగ్గారు.

ఒక దరఖాస్తు తెచ్చిన మలుపు

పరిశోధన చేయాలన్నది ఆయన కోరిక. ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టారు. అయితే గడువు దాటాక అందిందన్న కారణంతో దాన్ని పక్కన పెట్టారు. ప్రథముడిగా నెగ్గిన విద్యార్థికి సొంత విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దారి మూసుకుపోయింది. అది యుద్ధకాలం. సైన్యంలో సర్వే విభాగానికి గణితం తెలిసినవారు కావాలన్న ప్రకటన చూసి ఇంటర్వ్యూకు కలకత్తా రైలెక్కారు. ఆ ఉద్యోగమూ రాలేదు.

కలకత్తాలో దిగిన హోటల్లో సుబ్రమణియన్ అనే దక్షిణాది యువకుడితో మాటలు కలిశాయి. ఆయన ప్రశాంతచంద్ర మహలనోబిస్ నడుపుతున్న భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్నారు. ఆ సంస్థ అప్పుడు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉండేది. అలా 1941 జనవరి 1న శ్రీ రావు గణాంక సంస్థలో అడుగుపెట్టారు. కలకత్తా విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన గణాంకశాస్త్రం ఎం.ఎ.లో మొదటి జట్టులోనే చేరి 1943లో బంగారు పతకంతో బయటికొచ్చారు.

మచ్చు చెప్పే నిజం ఎంత?

1944లో శ్రీ రావు కలకత్తాలో పాఠం చెబుతున్నారు. పెద్ద మచ్చుల విషయంలో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫిషర్ తేల్చిన ఫలితం అది. చిన్న మచ్చుకు కూడా ఇది నిలుస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. తరువాతి కాలంలో పేరుపొందిన ఆర్థికవేత్త వి.ఎం.దండేకర్ ఆ విద్యార్థి. శ్రీ రావు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని లెక్క తేల్చి మర్నాడు తరగతిలో జవాబు చెప్పారు.

ఈ లెక్క సారం మార్కెట్ యార్డుకు ధాన్యం తోలే రైతుకు బాగా అర్థమవుతుంది. వ్యాపారి బస్తాలన్నీ విప్పి చూడడు. గుప్పెడు మచ్చు తీసి, తేమ ఎంత, తాలు ఎంత అని మొత్తం సరుకుకు అంచనా కడతాడు. అంచనాలో కొంత తప్పు ఉండక తప్పదు. ఏ పద్ధతిలో లెక్క కట్టినా, మొగ్గు లేని అంచనాలో ఆ తప్పును ఒక హద్దు కంటే కిందికి దించలేమని, ఆ హద్దు మచ్చులో ఉన్న సమాచారాన్ని బట్టి ఉంటుందని శ్రీ రావు రుజువు చేశారు. స్వీడన్ దేశస్థుడు క్రామెర్ కూడా విడిగా ఇదే కనుగొన్నందున దీనికి క్రామెర్–రావు అసమీకరణం అని పేరు వచ్చింది. చేతిలో ఉన్న ఒక మోస్తరు అంచనాను మచ్చులోని సమాచారమంతా వాడుకుని మెరుగుపరిచే రెండో ఫలితం అమెరికా శాస్త్రవేత్త బ్లాక్‌వెల్ పేరుతో జతకూడి రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైంది. రెండూ 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒకే వ్యాసంలో వెలువడ్డాయి. అప్పటికి ఆయన వయసు పాతిక లోపు.

ఇవి పుస్తకాల్లో ఉండిపోయిన లెక్కలు కావు. పంట దిగుబడి అంచనాకైనా, మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికైనా, కొద్దిపాటి కొలతల నుంచి మొత్తం సంగతి చెప్పాల్సిన ప్రతిచోటా వీటి అవసరం ఉంది.

తరువాత కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థికల కొలతలపై పనిచేస్తూనే, అదే ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చి భారత గణాంక సంస్థలో దశాబ్దాల పాటు శిష్యులను తయారుచేశారు. 1967లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ లభించాయి. పిమ్మట అమెరికాలో పనిచేసి 2002లో అక్కడి అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ శాస్త్ర పతకం అందుకున్నారు. 1945 నాటి ఆ వ్యాసానికే 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అంటే డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత. అదే ఏడు ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని గణిత, గణాంక పరిశోధన సంస్థకు ఆయన పేరు పెట్టారు.

నాగలి మాటలు ఏరినవాడు

ఇక తెలుగు శాఖ సంగతి. ఒంగోలులో 1928లో పుట్టిన శ్రీ భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివారు. తరువాత అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి 1957లో డాక్టరేటు పొందారు. తెలుగు క్రియాధాతువులపై ఆయన రాసిన గ్రంథం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగా వెలువడింది. ద్రావిడ భాషలపై 2003లో కేంబ్రిడ్జి అచ్చువేసిన పెద్ద గ్రంథమూ ఆయనదే. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు ఆచార్యులుగా, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసి 2012లో మరణించారు.

పల్లె జనానికి ఆయన చేసిన మేలు వేరొకటుంది. సాహిత్య అకాడమీ తరఫున ఆయన సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. అది వ్యవసాయ పదాల కోశం. పుస్తకాల్లో నుంచి కాక, రైతుల నోటి నుంచే మాటలు ఏరి, ఏ ప్రాంతంలో ఏమంటారో నమోదు చేశారు. ఒకచోట నాగలి అన్నది మరోచోట మడక. యంత్రాలు వచ్చి పాత పనిముట్లు మూలపడ్డాక, ఆ మాటలు నిలిచింది ఈ కోశంలోనే అనడంలో అతిశయోక్తి లేదు. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది.

సంగం జాగర్లమూడి తత్త్వవేత్త

గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడికి చెందిన శ్రీ కొత్త సచ్చిదానందమూర్తి కూడా ఈ విశ్వవిద్యాలయం విద్యార్థే. ఇక్కడే చదివి, ఇక్కడే తత్త్వశాస్త్ర ఆచార్యులయ్యారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 2001లో సి.ఆర్.రావుతో పాటు ఈయనకూ పద్మవిభూషణ్ ప్రకటించారు. ఒకే ఏడు ఒకే విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులిద్దరికి ఆ గౌరవం దక్కడం విశేషం.

బాంబులు పడ్డా ఆగని చదువు

చిన్న సంస్థకు పెద్ద కష్టమే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. ఆవరణ సైన్యం వాడకంలోకి వెళ్లింది. ప్రయోగశాలలు, గ్రంథాలయం మూటగట్టి మరో ఊళ్లో తెరవడం ఎంత పనో చెప్పనవసరం లేదు. అయినా తరగతులు సాగాయి. యుద్ధం ముగిశాకే తిరిగి వాల్తేరు చేరారు.

తేదీ చెప్పేవారు కావాలి

ఈ చరిత్రలో గొప్ప చెప్పుకోవలసింది ఉంది, నేర్చుకోవలసిందీ ఉంది. దాత ఇచ్చిన డబ్బు, ఏరికోరి తెచ్చిన గురువులు, చేతికందిన చిన్న ఉపకార వేతనం — ఈ మూడూ కలిసినప్పుడు మధ్యతరగతి ఇంటి పిల్లలు ప్రపంచస్థాయికి ఎదిగారు. ఒకే ఒక తేదీ తప్పినప్పుడు అంతటి ప్రతిభావంతుడూ ఊరు విడిచిపోయాడు. కలకత్తాలో సుబ్రమణియన్ ఎదురుపడకపోతే ఆయన ఏ గుమాస్తా ఉద్యోగంలోనో కుదురుకునేవాడేమో. అలాంటి ఆపద్బాంధవుడు అందరికీ ఎదురుకాడు.

ఉపకార వేతనాలకు, ప్రవేశాలకు గడువు దాటాక తెలిసి చింతించే విద్యార్థులు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేవారికి ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ కాగితాలు జతచేయాలో చెప్పే పెద్దదిక్కు ఉండదు. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం తిరుగుతుండగానే గడువు ముగుస్తుంది. పూర్వ విద్యార్థుల సన్మానాలు జరిపే ప్రతి కళాశాల, ఆ సభలతో పాటు గడువు తేదీల పట్టికను ఊరూరా గ్రంథాలయంలో, ఉన్నత పాఠశాలలో అంటించగలిగితే ఖర్చు కొద్ది, లాభం పెద్దది. పూర్వ విద్యార్థులు తమ మండలంలో ఏటా ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లల దరఖాస్తులు దగ్గరుండి పూర్తిచేయించినా చాలు. మొదటి స్థానంలో నెగ్గిన పిల్లవాడిని గడువు పేరుతో పోగొట్టుకునే పరిస్థితి మరే విశ్వవిద్యాలయానికీ రాకుండా అధికారులు, అధ్యాపకులు చొరవ చూపవలసి ఉంది.