ఎత్తు తెలిస్తేనే... యాత్ర సాఫీ!
వంతెన కింద దూరగలమా? బయలుదేరే ముందే చూసుకోవాలి
దగ్గరి దారి అన్నివేళలా మంచి దారి కాదు

ధవళేశ్వరం: కాటన్ బ్యారేజీని, మ్యూజియాన్ని చూసి కోనసీమ వైపు సాగే యాత్రికుల బస్సులు, సినిమా షూటింగులకు వచ్చే కారవాన్లు, వరిగడ్డి నింపుకొన్న లారీలు... ఈ మూడింటికీ ఉన్న సమస్య ఒక్కటే. అది ఎత్తు. కారుకు ఏ ఇబ్బందీ లేని దారిలోనే ఇవి చిక్కుకుపోతాయి. రైలు కట్ట కింది దారిలోకి దిగాక పైకప్పు తగులుతుందని తెలిస్తే వెనక్కి మళ్లడానికి చోటుండదు. వెనుక వాహనాలు బారులు తీరతాయి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్న తరుణంలో కొత్త డ్రైవర్లు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

నిబంధన ఏం చెబుతోంది?
1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సాధారణ వాహనానికి 3.8 మీటర్ల ఎత్తును పరిమితిగా నిర్ణయించాయి. 2020 సవరణతో సరుకు లారీలకు దీనిని 4 మీటర్లకు పెంచారు. జాతీయ రహదారులపై కొత్తగా నిర్మించే వంతెనల కింద 5.5 మీటర్ల ఖాళీ వదలడం ఆనవాయితీ. అందువల్ల పెద్ద రోడ్డు మీద సాధారణంగా చిక్కు రాదు. చిక్కంతా పాత కాలపు రైలు కట్టల కింది దారులు, ఊళ్లలోని కాలువ వంతెనలు, బరువైన వాహనాలు రాకుండా అడ్డంగా బిగించిన ఇనుప గడ్డర్ల వద్దే.

ఎరుపు అంచు గల గుండ్రటి బోర్డులో పైన, కింద బాణం గుర్తులు, మధ్యలో మీటర్ల అంకె కనిపిస్తే అది ఎత్తు పరిమితి. అది సలహా కాదు, ఆజ్ఞ. దానిని మించిన వాహనం అక్కడే ఆగిపోవాలి.

గేటు వద్ద ప్రాణగండం
విద్యుదీకరించిన రైలు మార్గాలపై లెవెల్ క్రాసింగ్‌కు ఇరువైపులా ఇనుప చట్రాలు ఉంటాయి. వీటినే హైట్ గేజ్‌లు అంటారు. రోడ్డు నుంచి వీటి ఎత్తు 4.67 మీటర్లు. ఆ పైన రైలు తీగ కనీసం 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. రెండింటి మధ్య తేడా మూడు అడుగులైనా లేదు. ఆ తీగలో ప్రవహించేది 25 వేల వోల్టుల విద్యుత్తు. దానిని తాకనక్కర లేదు, మరీ చేరువైనా ప్రమాదమే. గడ్డి లారీపై కూర్చొని ప్రయాణించడం, బస్సు టాపుపై ఇనుప సామాను నిలబెట్టడం అందుకే ప్రాణాంతకం. చట్రం తగిలిందంటే అది అడ్డంకి కాదు, ఆఖరి హెచ్చరిక.

వంతెనకో తీరు
గోదావరిపై దారి ఎంచుకునేటప్పుడు ఎత్తుతోపాటు బరువునూ చూడాలి. 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెనపై రోడ్డు పై అంతస్తులో, రైలు కింది అంతస్తులో సాగుతాయి. కనుక అక్కడ నెత్తిన తగిలేదేమీ లేదు. అయితే వంతెన వయసు పైబడింది. మరమ్మతుల కోసం 2023లో కొంతకాలం మూసివేశారు. బరువైన వాహనాలను ఇతర వంతెనలకు మళ్లించిన సందర్భాలూ ఉన్నాయి.

ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం వరకు నాలుగు పాయలపై సాగే బ్యారేజీ రోడ్డు ప్రధానంగా నీటిపారుదల కట్టడం. 1852లో కాటన్ పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో నిర్మించిన ఈ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. దీని మీద భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి. కారుకు ఇది దగ్గరి దారే. పెద్ద బస్సు మాత్రం దీనిని నమ్ముకొని బయలుదేరరాదు.

కొవ్వూరు వైపు నుంచి వచ్చే ఎత్తయిన, బరువైన వాహనాలకు 2015లో అందుబాటులోకి వచ్చిన నాలుగో వంతెన అనువైనది. దానిని గామన్ వంతెన అంటే ఎవరైనా చెబుతారు. అక్కడి నుంచి దివాన్‌చెరువు చేరి జాతీయ రహదారి పట్టుకోవచ్చు. తణుకు వైపు నుంచి వచ్చేవారు సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ మీదుగా వేమగిరి చేరడం మేలు. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా ఇబ్బంది తక్కువ.

బోర్డులోని అంకె చాలదు
రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారుపై కొత్త పొర చేరుతుంది. ఆ మేరకు వంతెన కింద ఖాళీ తగ్గుతుంది. బోర్డు మార్చకపోతే పాత అంకె మోసం చేస్తుంది. దారి పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కే చోట మరో చిక్కుంది. పొడవైన బస్సు ముందు చక్రాలు ఎగువకు ఎక్కుతుండగా వెనుక చక్రాలు ఇంకా దిగువకు జారుతుంటాయి. అప్పుడు నడిమి భాగం రోడ్డుకు మరింత ఎత్తులో ఉండి పైకప్పు వంతెనకు తగులుతుంది. సరుకు దించిన లారీ స్ప్రింగులు లేచి, నిండు లారీ కన్నా కొంత ఎత్తుగా నిలుస్తుంది. వెళ్లేటప్పుడు దూరిన చోటే తిరుగు ప్రయాణంలో తగలడానికి కారణమిదే.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఇందుకే పేరుమోసింది. దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. హెచ్చరిక దీపాలు పెట్టినా అద్దెకు తీసుకున్న లారీల పైకప్పులు ఊడుతూనే వచ్చాయి. చివరకు 2019లో వంతెనను 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా ఢీకొన్న వాహనాలున్నాయి. నడిపేవారికి తమ వాహనం ఎత్తు తెలియకపోతే ఎన్ని దీపాలు వెలిగినా ఫలితం శూన్యం.

బయలుదేరే ముందు...
* టాపుపై ఉన్న ఏసీ పెట్టె, నీళ్ల ట్యాంకు, సామాను సహా ఎత్తును టేపుతో కొలవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని అంకెను నమ్ముకోరాదు.
* ఆ కొలతను మీటర్లలోనూ, అడుగుల్లోనూ రాసి స్టీరింగు ఎదుట అతికించాలి.
* బోర్డుపై అంకెకు, వాహనం ఎత్తుకు కనీసం అడుగు తేడా ఉంటేనే ముందుకు సాగాలి.
* ఫోనులోని మ్యాపు వాహనం ఎత్తు అడగదు. అది చూపేది కారు దారి. కొత్త ఊరైతే ముందురోజే లారీ డ్రైవర్లను వాకబు చేయాలి.
* కోనసీమలో కాలువ గట్ల రోడ్లపైకి వాలిన కొబ్బరిచెట్లు, వీధికి అడ్డంగా వేలాడే తీగలు ఏ బోర్డులోనూ ఉండవు. రాత్రివేళ ఆ దారుల్లోకి పోరాదు.
* అనుమానం వస్తే ఆపి, సహాయకుడు దిగి చూడాలి. వెనక్కి తీయక తప్పకపోతే ముందుగా వెనుక వాహనాలను ఆపించాలి.

కొలవడానికి పట్టేది పది నిమిషాలు. కొలవకపోతే పోయేది పైకప్పు ఒక్కటే కాదు. బస్సులో ఉన్న నలభై మంది క్షేమం ఆ పది నిమిషాలపైనే ఆధారపడి ఉంది.