వార్తల్లో పదం: పీఎం 2.5

గాలిలో తేలే, 2.5 మైక్రాన్లు లేదా అంతకన్నా చిన్న కణాలను పీఎం 2.5 అంటారు. పీఎం అంటే పార్టిక్యులేట్ మ్యాటర్. తల వెంట్రుక మందంతో పోలిస్తే ఇవి ఇంచుమించు ముప్పయ్యో వంతు. ఏటా అక్టోబరు, నవంబరుల్లో పంజాబ్, హరియాణా పొలాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టగానే ఈ పదం పతాక శీర్షికలకు ఎక్కుతుంది. శీర్షికల్లో ఉండేది ఢిల్లీ గాలి. ఆ పొగను అందరికన్నా ముందు, అందరికన్నా దగ్గరగా పీల్చేది మంట పక్కన నిలబడ్డ రైతు, కూలీ.

అక్కడ పనిచేసి వచ్చి ముక్కు చీదితే నల్లటి మసి పడుతుంది. అది ముక్కు ఆపగలిగిన పెద్ద నుసి. పీఎం 2.5 అక్కడ ఆగదు. ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్తుంది. వాటిలో మరీ చిన్నవి రక్తంలోనూ కలుస్తాయి. అప్పటికప్పుడు కళ్ల మంట, దగ్గు, ఆయాసం. ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ కష్టం. ఏళ్ల తరబడి పీలిస్తే గుండె జబ్బులు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

మూతికి తువ్వాలు చుట్టుకోవడం మన పొలాల్లోనూ అలవాటే. కానీ బట్ట నేతలోని సందులు ఈ కణాలకన్నా చాలా పెద్దవి. ఎన్95 మాస్కు, అదీ ముఖానికి బిగుతుగా పెట్టుకుంటేనే, చాలావరకు ఆపుతుంది.

ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటుకు మన దేశం పెట్టుకున్న పరిమితి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. ఈ కణాలను కొలిచే కేంద్రాలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. చేను గట్టు మీద నిలబడ్డ మనిషి ఆ పూట ఎంత పీల్చాడో ఆ అంకెల్లో కనబడదు.