వాసన ఆగిపోతే

కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఎరుగనివారుండరు. అదే వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు, గల్ఫ్ దేశాలలోని పలు చమురు, సహజవాయు క్షేత్రాలలో అధిక పీడనంతో వెలువడుతుంది. ఇది విషమే కాక ఇంధనం కూడా. గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక్క పాలు లేకున్నా ముక్కు పసిగడుతుంది. 100 పాళ్ళకు చేరితే మాత్రం కొద్ది నిమిషాలలోనే ఘ్రాణశక్తి నశిస్తుంది. వాసన పోయింది గదా అని కార్మికుడు ఊపిరి పీల్చుకునే క్షణమే ప్రాణాంతకం! 1000 పాళ్ళయితే ఒకటి రెండు శ్వాసలకే కూలిపోతాడు.

కూలినవాని కోసం తోటివాడు పరుగెత్తడం మానవ సహజం. ఇటువంటి ప్రమాదాలలో రెండవ బలి తరచుగా అతడే. గాలి సిలిండరు, ముఖకవచం ధరించినవారే లోనికి పోవాలి. తక్కినవారు గాలివాటుకు అడ్డంగా తప్పుకొని, గాలి వచ్చే దిక్కున మెరకకు చేరాలి. గాలికన్న బరువైన ఈ వాయువు పల్లాలలో నిలుస్తుంది.

ఇక నిప్పు సంగతి. వాయుప్రవాహాన్ని ఆపకుండా మంటను ఆర్పరాదు. ఆర్పితే మండని వాయువు వ్యాపించి మరొకచోట అంటుకుంటుంది. ఒక్కొక్కప్పుడు కావాలనే అంటించవలసి వస్తుంది కూడా. అప్పుడు పుట్టే సల్ఫర్ డయాక్సైడు విషమే అయినా, వేడికి పైకెగసి పలచబడుతుంది. రెండు కీడులలో అది చిన్నది.

2003 డిసెంబరు 23 రాత్రి చైనాలోని చోంగ్‌చింగ్ ప్రాంతంలో, కైషియన్ వద్ద ఒక సహజవాయు బావి అదుపు తప్పింది. దానికి నిప్పంటించింది మరునాటి సాయంత్రం, సుమారు 18 గంటల తర్వాత. ఆ ప్రమాదంలో 243 మంది మరణించారు. వారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ప్రజలు.